పదిహేడు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు

మా ఆఫీసులో పడవలు లేవు. బయట బోర్డు మీద మాత్రం 'రాష్ట్ర నదీ ప్రయాణ అనుమతుల సంస్థ' అని రాసి ఉంటుంది. గోదావరి మాకు నాలుగు కిలోమీటర్ల దూరం. అయినా ఆ నదిలో తిరిగే ప్రతి పడవకీ, లాంచీకీ, పంటుకీ ఏడాదికోసారి లైసెన్సు ఇచ్చేది మేమే. ఆ లైసెన్సులన్నీ మెట్ల కింద గదిలో ఒక డిస్కు పెట్టెలో ఉంటాయి. బీరువా అంత పెట్టె. తొమ్మిదేళ్లుగా మూలుగుతోంది. దాని బాగోగులు చూడటానికి ఔట్‌సోర్సింగ్ మీద తీసుకున్న ఇంజనీరుని నేను. పేరు భూషణం. పెట్టె పర్మనెంటు, నేను కాదు.

పాత పెట్టె బదులు కొత్తది కొనాలనుకున్నారు. ఒక కంపెనీవాళ్లు పరీక్షకని కొత్త పెట్టె పంపారు. దాన్ని ఎలా పరీక్షించాలో ఒక సర్క్యులర్ ఉంది: "కంపెనీ చెప్పు వేగమును విశ్వసించరాదు. మన కార్యాలయపు పనితోనే పరీక్షించవలెను." ఇన్నేళ్లలో మా ఆఫీసుకి వచ్చిన సర్క్యులర్లలో ఇదొక్కటే తెలివైనది. రాసినాయన్ని వెంటనే బదిలీ చేశారట.

పని తేలికే. జూన్ పదకొండు, మంగళవారం, ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా పాత డిస్కు ఏం చదివిందో, ఏం రాసిందో, ఏ క్షణాన చేసిందో మొత్తం నమోదు చేశాను. ఆ చిట్టాని అదే వరసలో కొత్త డిస్కుతో చేయించాలి. కొత్త వంటమనిషిని పెట్టుకునే ముందు, పాతాయన నిన్న చేసిన వంటంతా అతనితో చేయించి చూసినట్టన్నమాట. దానికి ఒకటే షరతు. చిట్టా ఆడించే ముందు డిస్కులో రికార్డులన్నీ జూన్ పదకొండు ఉదయం ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి.

"రికార్డులకి నకలు తీసి, ఆ నకలు మీద పరీక్ష చేస్తాను సార్," అన్నాను మా జాయింట్ డైరెక్టరు వింజమూరి సర్వోత్తమరావు గారితో.

ఆయన కళ్లజోడు తీశారు. "నకలా? నకలంటే గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి కదయ్యా. మొత్తం ఎన్ని రికార్డులు?"

"నలభై లక్షలు సార్."

ఆయన కాగితం మీద లెక్క వేసుకున్నారు. రోజుకు ఐదువందల సంతకాలు చేసినా, సెలవులు పోను ఇరవై ఏడేళ్లు పడుతుంది. ఆయనకి సర్వీసు నాలుగేళ్లే ఉంది. "ధ్రువీకరించని నకలు చెల్లదు. అసలు మీదే కానివ్వండి."

"అసలుని పదకొండో తేదీకి వెనక్కి తీసుకెళితే, పన్నెండున ఇచ్చిన లైసెన్సులు చెరిగిపోతాయి సార్."

"ఎన్ని?"

"ఇరవై మూడు."

"ఇరవై మూడే కదా. ప్రజలు సహకరిస్తారు."

పదమూడో తేదీ ఉదయం అసలు రికార్డులనే కొత్త డిస్కులోకి ఎక్కించి, పదిన్నరకు వాటిని పదకొండుకి తిప్పే బటన్ నొక్కాను. నొక్కింది నేనే, ఇంకొకరి మీదకి తోయను. పైవాళ్లు చెప్పారు, నేను నొక్కాను. మన దేశంలో చాలా పనులు ఇలాగే జరుగుతాయి.

మొదటిసారి చిట్టాని ఆగకుండా ఆడించాను. ఒక పని అవ్వగానే ఇంకో పని. ఆరున్నర గంటల పనిని కొత్త డిస్కు ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో ముగించేసింది. పరుగున వెళ్లి చెప్పాను. సర్వోత్తమరావు గారి ముఖం పాలిపోయింది. లేచి తలుపు వేసి వచ్చారు.

"మన ఆఫీసు ఒక రోజు పని ముప్ఫై ఎనిమిది నిమిషాలేనా? మరి మిగతా ఐదు గంటల యాభై రెండు నిమిషాలు యాభై మంది సిబ్బంది ఏం చేస్తున్నట్టు? ఈ కాగితం ఎవరైనా చూశారా?"

"లేదు సార్."

"చించెయ్. ఆ రోజు పనికీ పనికీ మధ్య ఎంత విరామం ఉందో అంతా యథాతథంగా పాటించు. ప్రభుత్వ కార్యాలయానికి ఒక నడక ఉంటుందయ్యా. దాన్ని పరుగెత్తించకూడదు."

సరేనని రెండోసారి విరామాలతో సహా ఆడించాను. ఐదింటికి ముగియాలి. ఐదూ నలభై ఏడుకి ముగిసింది. మర్నాడు నోటు వచ్చింది: "సదరు కొత్త పెట్టె పాత పెట్టె కన్నా నలభై ఏడు నిమిషములు నెమ్మది అని రుజువైనది."

ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో పరుగెత్తినది నడవమంటే ఎందుకు కుంటుతుంది? రెండు రోజులు వెతికాను. తప్పు డిస్కుది కాదు, చిట్టాని ఆడించే నా కంప్యూటరుది. పరీక్ష పారదర్శకంగా జరగాలని రెండోసారికి జేడీ గారు తన గదిలో పెద్ద టీవీ పెట్టించుకున్నారు. జరిగే ప్రతి పనీ ఒక వరసగా ఆ టీవీ మీద పడాలన్నారు. నా కంప్యూటరు ఒక పని డిస్కుకి చెప్పడం, దాన్ని టీవీకి చెప్పడం, అది తెర మీద పడేదాకా ఆగడం, తర్వాత ఇంకో పని. పెళ్లిలో ఫొటోగ్రాఫరు కోసం తాళి పట్టుకుని ఆగిన పెళ్లికొడుకులా ఉంది దాని పరిస్థితి.

"తమరు చూడటం వల్లే ఆలస్యం అవుతోంది సార్," అన్నాను.

ఆ మాటకి ఒక మెమో వచ్చింది. అయినా టీవీ ఆపించారు. ఈసారి సరిగ్గా ఐదింటికి ముగిసింది.

"అంటే పాతదీ ఆరున్నర గంటలే, కొత్తదీ ఆరున్నర గంటలే. మరి కొనడం దేనికి?" అన్నారు.

అప్పుడు అసలు సంగతి చెప్పవలసి వచ్చింది. చిట్టాలో విరామాలు రెండు రకాలు. మనిషి ఆగితే వచ్చినవి కొన్ని, పాత డిస్కు కదలక మనిషి ఎదురు చూస్తే వచ్చినవి కొన్ని. రెండో రకం కూడా ఆడిస్తే పాతదాని జబ్బుని కొత్తదానికి అంటించినట్టే. పాత వంటాయన తడి కట్టెలతో పొయ్యి ఊదుతూ కూర్చున్నాడని, గ్యాసు పొయ్యి ఉన్నవాణ్ణి కూడా అంతసేపూ ఊదమంటామా?

సర్వోత్తమరావు గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే ఒక సంఘం పుడుతుంది. ఈసారి 'విరామ వర్గీకరణ సంఘం' పుట్టింది. ఆయన అధ్యక్షులు, హెడ్‌క్లర్కు తాతబ్బాయి గారు కార్యదర్శి. క్షణం మించిన విరామాలు నాలుగు వేల ఎనిమిది వందల పన్నెండు. ఒక్కోదానికి ఒక్కో మెమో: "ది. 11-6 నాడు ఉదయం 10:47:12 నుంచి 10:47:31 వరకు తమరి వేలు మీటను తాకలేదు. కారణము తెలుపగలరు."

సంజాయిషీలు గుట్టలుగా వచ్చాయి. "తుమ్ము వచ్చినది." "తుమ్ము వచ్చునని ఎదురుచూచితిని, రాలేదు." "ఆవకాయ జాడీ మూత గురించి మా అత్తగారు ఫోను చేసిరి." ఒకాయన సెలవులో ఉన్నా ఆయన పేరు మీద నాలుగు విరామాలు తేలాయి. ఎవరు ఆయన కుర్చీలో కూర్చున్నారో ఇప్పటికీ తెలియలేదు.

పరీక్ష ఏ క్షణాన్నైనా మళ్లీ జరగవచ్చు గనక, రోజూ ఉదయం పదిన్నరకు డిస్కుని జూన్ పదకొండుకి తేవాలని ఉత్తర్వు. కౌంటర్లు మూసేశారు. సిబ్బంది హాజరు కూడా ఆ డిస్కులోనే ఉంటుంది. రోజూ వేలిముద్ర వేస్తారు, మర్నాడు ఉదయం అది చెరిగిపోతుంది. పదకొండున సెలవు పెట్టినాయన రోజూ సెలవులోనే ఉన్నాడు. తాతబ్బాయి గారు జూన్ ముప్ఫైన రిటైరు కావాలి. శాలువా కొన్నారు, దండ చెప్పారు. జూన్ ముప్ఫై రాలేదు. ఆయన ఇంత హుషారుగా పని చేయడం నేనెప్పుడూ చూడలేదు.

ఇలాంటి రోజుల్లో పోలయ్య వచ్చాడు.

సంగాడి పోలయ్య పెదచింతలంక సరంగు. లంక అంటే నది మధ్య దిబ్బ. మూడొందల గడప. అక్కణ్ణించి ఒడ్డుకు రావాలంటే ఆయన పడవ ఒక్కటే దారి. జూన్ పదకొండున లైసెన్సు కొత్త చేయించుకోవడానికి వచ్చాడు, మర్నాడు రమ్మన్నారు, పన్నెండున తీసుకుని వెళ్లాడు. ఆ ఇరవై ముగ్గురిలో ఒకడు. తర్వాత రేవులో మా తనిఖీ ఉద్యోగి ఆ కాగితం మీద ఫోను పెట్టి చూస్తే 'దరఖాస్తు పరిశీలనలో ఉన్నది' అని వచ్చింది. పడవకి గొలుసు వేసి, తాళం పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

పోలయ్య మూసిన నాలుగో కౌంటరు ముందు నిలబడి లోపలున్న గుమాస్తా సుగుణ గారిని పిలిచాడు.

"అమ్మా, ఈ కాయితం పన్నెండో తారీకున మీరే ఇచ్చేరు గదండీ. మీ సంతకమే గదండీ."

"నా సంతకమే పోలయ్యా. కానీ పన్నెండో తారీకు ఇంకా రాలేదు."

"రాకపోడం ఏటండీ? కళ్లారా సూసేను గదా!"

"మా ఆఫీసుకి రాలేదు," అంది ఆవిడ తల దించుకుని.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే నాకు బాగుండేది. "మా తమ్ముడికి కిడ్నీలు పోయేయండి. వారానికి రెండు మాట్లు ఒడ్డుకొచ్చి ఆస్పత్రిలో ఆ యంత్రం మీద పడుకోవాలండి. పడవ లేక అరటి బోదెల తెప్ప మీద తెత్తన్నానండి. ఇంకో నెలకి వరదొచ్చి ఎర్రనీరు తగిలేత్తాది. అప్పుడు తెప్ప ఆగదండి బాబూ," అన్నాడు.

రోజూ పదిన్నరకు నేను నొక్కుతున్న బటన్ ఎవరి మెడకి తగులుతోందో ఆ రోజు తెలిసింది. వెళ్లి జేడీ గారికి చెప్పాను. "ఒక్కడి కోసం ఆఫీసు తారీకు మార్చమంటావా?" అన్నారు. సిగ్గు లేకుండా మర్నాడు కూడా నొక్కాను.

జూలై రెండో వారానికి విరామాలన్నీ తేలి, ఒక్కటి మిగిలింది. నాలుగో కౌంటరు, 11:42:07 నుంచి 11:59:31 వరకు. పదిహేడు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు. ఆ రోజు విరామాల్లోకెల్లా పెద్దది. సుగుణ గారు నిజమే రాసింది: "పోలయ్య దరఖాస్తు తెరవగా డిస్కు స్తంభించినది. చివరకు రేపు రమ్మని చెప్పితిని."

సంఘం ఒప్పుకోలేదు. పాత డిస్కు స్తంభించడానికి వీల్లేదు. ఎందుకంటే అది ఏనాడూ స్తంభించలేదని నెలనెలా ధ్రువపత్రం ఇచ్చింది సర్వోత్తమరావు గారే, ఆకుపచ్చ సిరాతో. కాబట్టి ఆగింది మనిషే అయి ఉండాలి. సుగుణ గారు కాదంటోంది గనక దరఖాస్తుదారుణ్ణి పిలిపించారు.

"ఆ పదిహేడు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లలో మీరేం చేశారు?" అడిగారు అధ్యక్షులు.

"నిలబడ్డానండి."

"నిలబడటం చర్య కాదు, స్థితి. కారణం చెప్పాలి."

"కుర్చీ లేదండి."

"ఆలోచిస్తూ నిలబడ్డారా, ఆలోచించకుండా నిలబడ్డారా?"

పోలయ్య తలపాగా సర్దుకున్నాడు. "తమ్ముడి గురించి ఆలోచించేనండి."

"రాయండి తాతబ్బాయి గారూ! దరఖాస్తుదారుని ఆలోచన!" అన్నారు సర్వోత్తమరావు గారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూసి ఎరగను. పాత డిస్కు నిర్దోషి అని తేలిపోయింది. నేను లేచి ఏదో అనబోయాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న మనిషి ముందు నాలుగో కాలు చూపించి లాభం లేదు.

"సార్, నా పడవ?" అన్నాడు పోలయ్య.

"అయిపోవచ్చింది. ఆఖరి పరీక్ష ఒక్కటే మిగిలింది."

ఆఖరి పరీక్షకి సంఘం చేసిన తీర్మానం ఇది: "మనిషి ఇచ్చిన విరామమును యంత్రము ఇవ్వజాలదు. కావున ఆ రోజు విరామమిచ్చిన వారందరూ హాజరై, ఎవరి విరామమును వారే ఇవ్వవలెను." కొత్త డిస్కు మీద సిబ్బంది జూన్ పదకొండుని మళ్లీ జరపాలి. మంగళవారమే అయి ఉండాలి గనక జూలై ఇరవై మూడు ఖాయం చేశారు. అందరికీ టైపు చేసిన పట్టికలు ఇచ్చారు. ఎప్పుడు మీట నొక్కాలో, ఎప్పుడు తుమ్మాలో అందులో ఉంది. ఆ రోజు వచ్చిన జనాన్ని కూడా పిలిపించారు. వాళ్లలో ఒకాయన ఈమధ్య కాలం చేస్తే, వారసత్వ ధ్రువపత్రం పట్టుకొచ్చిన కొడుకుని ఆయన చోట నిలబెట్టారు.

ఇరవై మూడు ఉదయం పదిన్నరకు, నలభై రెండు రోజుల వెనక్కి, బటన్ నొక్కాను. పరీక్ష మొదలైంది. తుమ్ములు వేళకి పడ్డాయి. అత్తగారు వేళకి ఫోను చేసింది. సర్వోత్తమరావు గారు స్టాపువాచీ పట్టుకుని కౌంటర్ల వెనక పచార్లు చేస్తున్నారు.

పదకొండూ నలభై రెండుకి పోలయ్య నాలుగో కౌంటరు ముందుకొచ్చాడు. బట్టలు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి.

"ఎర్రనీరు తగిలిందండమ్మా. తమ్ముణ్ణి తెప్ప మీద తేలేకపోయేను. లంకలోనే ఉన్నాడండి. ఈయేళ యంత్రమెక్కాల్సిన రోజండి," అన్నాడు మెల్లగా.

సుగుణ గారి పట్టికలో రెండు వరసలున్నాయి. '11:42:07: దరఖాస్తు తెరవవలెను. 11:59:31: రేపు రండి అనవలెను.' ఆవిడ తెరిచింది. కొత్త డిస్కుకి మా ఆఫీసు నడక ఇంకా అలవాటు కాలేదు. మీట మీద వేలు తీయకముందే దరఖాస్తు మొత్తం తెర మీద పడింది.

"వచ్చేసిందండీ," అంది ఆవిడ గాభరాగా.

"వచ్చినా రానట్టు కూర్చోమ్మా," అన్నారు సర్వోత్తమరావు గారు వాచీ చూస్తూ.

ఆవిడ కూర్చుంది. ఒక నిమిషం గడిచింది. తెర మీద 'ఆమోదించు' అన్న ఆకుపచ్చ గడి ఉంది. గాజుకి ఇవతల ఆవిడ, అవతల పోలయ్య. ఇద్దరి మధ్యా ఆ పని కాకుండా ఆపుతున్నది ఏమీ లేదు, ఒక టైపు కాగితం తప్ప. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ రోజు పూజారి స్టాపువాచీ పట్టుకుని ఆవిడ వెనకే నిలబడ్డాడు.

రెండో నిమిషం దాటుతుండగా సుగుణ గారు పట్టికని బోర్లించి గడి మీద నొక్కింది. ప్రింటరు కూసింది.

"ఇంకా పదిహేను నిమిషాలుందమ్మా!" అని అరిచారు జేడీ గారు.

"నా సర్వీసులోంచి కోసుకోండి," అని ఆవిడ కాగితం పోలయ్య చేతిలో పెట్టింది. ఆయన దండం కూడా పెట్టకుండా పరుగెత్తాడు. నాకు ఏడుపొచ్చింది. నిజమే చెబుతున్నాను.

ఆ తర్వాత పరీక్ష ఎవరి చేతుల్లోనూ లేదు. పోలయ్య వెనకున్నాయన పదిహేను నిమిషాలు ముందే కౌంటరు దగ్గరికొచ్చేశాడు. ఆయన వెనకాయనా అంతే. అది చూసి మిగతా కౌంటర్లలోనూ పట్టికలోని వేళలు చూడటం మానేశారు. ఒకటింపావుకల్లా జూన్ పదకొండు అయిపోయింది. మిగతా పట్టికలు చేతిలో పట్టుకుని సిబ్బంది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఐదింటిదాకా కూర్చున్నారు.

నాలుగింటికే నివేదిక తయారైంది: "సదరు కొత్త పెట్టె, సంఘము ఆమోదించిన పదిహేడు నిమిషముల ఇరవై నాలుగు సెకన్ల విరామమును ఇవ్వలేకపోయినది. మన కార్యాలయపు ఒక దినమును భరించు శక్తి దానికి లేదు. తిరస్కరించడమైనది." నాకు వేరే ఉత్తర్వు: రికార్డులను జూన్ పదకొండు ఉదయానికి తెచ్చి, తిరిగి పాత డిస్కులోకి ఎక్కించవలెను.

ఐదింటికి మెట్ల కింద గదిలోకి వెళ్లాను. బటన్ ముందు నిలబడ్డాను. నొక్కితే పోలయ్య చేతిలో కాగితం మళ్లీ చిత్తు కాగితం. రేవులో ఫోను పెట్టి చూస్తే మళ్లీ 'పరిశీలనలో ఉన్నది'. ఇన్నాళ్లూ నొక్కిన వేలు ఇది. ఆ సాయంత్రం లేవలేదు. రికార్డులు ఎలా ఉన్నవి అలాగే పాత డిస్కులోకి ఎక్కించి, తలుపు దగ్గరగా వేసి ఇంటికెళ్లాను.

మర్నాడు ఉదయం ఆఫీసులో మొదటిసారి జూలై ఇరవై నాలుగు అయింది. తాతబ్బాయి గారు రిటైరై అప్పటికి ఇరవై నాలుగు రోజులని తేలింది. ఎండిపోయిన దండే వేశారు. జూన్ పన్నెండు నుంచి జూలై ఇరవై రెండు దాకా ఎవరి వేలిముద్రా లేదు గనక యాభై మందీ చెప్పకుండా గైరుహాజరు. మొదటి పేరు సర్వోత్తమరావు గారిది.

మధ్యాహ్నానికి నాకు మెమో. గదిలో కెమెరా ఉందట. "ది. 23-7 నాడు సాయంత్రం 5:00 నుంచి 6:05 వరకు తమరి వేలు సదరు బటన్‌ను తాకలేదు. ఆ విరామములో తమరేమి చేయుచున్నారు?"

"నిలబడ్డాను," అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

శుక్రవారం, గొలుసు విప్పిన పోలయ్య పడవెక్కి లంకకి వెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు ముందు చెక్క మీద ఆయన తమ్ముడు, దుప్పటి కప్పుకుని, ఆస్పత్రి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎర్రనీరు పడవని గట్టిగానే నెడుతోంది. నది మధ్యలో ఉండగా నా ఫోను మోగింది. తిరుగు మెమో. నిలబడటం చర్య కాదని, స్థితి అని, విచారణకు రేపు పదిన్నరకు హాజరు కావాలని రాసి ఉంది. పైకే చదివాను.

పోలయ్య గెడ నీళ్లలోకి దించుతూ నాకేసి చూశాడు.

"ఎల్లండి బాబూ. కానీ కుర్చీ ఉండదండి, ముందే సెప్తన్నాను."